మోత వేరు, హోరు వేరు

షోలాపూర్ పూర్వ భాగ్‌లో పెరిగినవాళ్లకు శబ్దం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. సాఖర్ పేఠ, భద్రావతి పేఠ, అశోక్ చౌక్ చుట్టుపక్కల గల్లీల్లో చాలా ఇళ్లకు కింద కార్ఖానా, పైన కాపురం. కింద సాంచలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటే పైన పసిపిల్ల ఊయలలో హాయిగా నిద్రపోతుంది. కరెంటు పోయి సాంచలు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తుంది.

అలాంటి గల్లీలోకి మా మేనల్లుడు పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కొచ్చాడు. రెండు తలుపులు, నాలుగు సిలిండర్లు, చాలా ఆశలు. కంపెనీ సైలెన్సర్ విప్పించి, మెరిసే కొత్తది వేయించి, ఓ రాత్రి పదిన్నరకు ఇంటిముందు స్టార్ట్ చేశాడు. సాంచల మోతలో గుర్రుపెట్టే గల్లీ మొత్తం లేచి బయటికొచ్చి తిట్టిపోసింది.

నాకు వింతగా తోచింది ఆ తిట్లు కాదు. వారం తర్వాత హైదరాబాద్ వెళ్లొచ్చి వాడు చెప్పిన మాట. "మామా, గల్లీల మస్తుగ వినొస్తది గని, హైవే మీద తల్కాయ పగిలిపోతున్నది. చెవుల్ల ఏదో దూరి కూసున్నట్టున్నది."

వాడి బాధలు రెండు. గల్లీ వాళ్లకు వినబడేది ఒకటి, కారు లోపల వాడికి వినబడేది మరొకటి. మొదటిదాన్ని మోత అందాం, రెండోదాన్ని హోరు అందాం. ఇంగ్లిషులో రెండోదాన్ని డ్రోన్ అంటారు. పెళ్లి వీడియోలు తీసే డ్రోన్ కాదు, దాన్ని ఆపడం తేలిక. ఈ రెండూ ఒకే గొట్టంలోంచి పుట్టినా గుణాలు వేరు, కొలతలు వేరు, మందులు వేరు. సైలెన్సర్ మార్పించుకునేవాళ్లు చేతులు కాల్చుకునేది ఈ తేడా తెలియకే.

దెబ్బల లెక్క

సాంచ దగ్గరే మొదలుపెడదాం. నాడె అటునుంచి ఇటు ఒకసారి దూకితే ఒక పేక పడుతుంది. నిమిషానికి 120 పేకలంటే సెకనుకు రెండు దెబ్బలు. వాటిని చెవి విడివిడిగా పట్టుకోగలదు. దెబ్బ తప్పితే నేతగాడు తలెత్తకుండానే కనిపెట్టేది అందుకే.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు తిరుగుళ్లకు ఒకసారి మండుతుంది. నాలుగు సిలిండర్లుంటే తిరుగుడుకు రెండు మంటలు. నిమిషానికి 3,000 తిరుగుళ్ల మీద 6,000 మంటలు, అంటే సెకనుకు 100. దెబ్బలు సెకనుకు ఇరవై దాటితే చెవి లెక్కపెట్టడం మానేసి వాటన్నిటినీ కలిపి ఒకే స్వరంగా వింటుంది. 100 హెర్ట్జ్ అంటే బొంగురు గొంతు మగవాడు పాట మొదలుపెట్టకుండా "ఊఁ" అంటూనే ఉన్నట్టు.

గుర్తుంచుకోవడానికి తేలిక సూత్రం ఉంది. ఆర్‌పీఎంను నాలుగు సిలిండర్లయితే 30తో, మూడయితే 40తో, ఆరయితే 20తో భాగించండి. వచ్చేది మీ ఇంజన్ పాడే ప్రధాన స్వరం. మా వాడి కారు టాప్ గేర్‌లో వందకు దగ్గరగా వెళ్తున్నప్పుడు 2,600 ఆర్‌పీఎం చూపిస్తుంది. 30తో భాగిస్తే దాదాపు 87 హెర్ట్జ్.

కారు ఓ డోలు

87 హెర్ట్జ్‌లో తప్పేముంది? స్వరంలో తప్పు లేదు, గదిలో ఉంది.

ఊయల ఊపే అమ్మను చూడండి. ఊయల వెనక్కొచ్చిన క్షణంలోనే వేలితో తోస్తుంది. సమయం కుదిరితే చిటికెన వేలు చాలు, కుదరకపోతే రెండు చేతులూ చాలవు. మూసి ఉన్న కారు లోపలి గాలి కూడా అలాంటి ఊయలే. ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా సుమారు రెండు మీటర్లు అనుకుంటే, అందులో సగం అల సరిగ్గా ఇమిడే స్వరం ఎంత? గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని పొడవుకు రెట్టింపైన నాలుగుతో భాగిస్తే 86 హెర్ట్జ్. ఇంజన్ తోసేది 87, గాలి ఊగేది 86. మా వాడు హైదరాబాద్ దాకా డోలు లోపల కూర్చుని ప్రయాణించాడన్నమాట.

ఇక్కడే ఇంకో చిత్రం ఉంది. ఇలాంటి అలకు రెండు చివర్లలో ఒత్తిడి ఎక్కువ, నడుమ తక్కువ. డ్రైవరు తల నడుమకు దగ్గరగా ఉంటుంది, వెనక కూర్చున్నవాళ్ల తల వెనక అద్దానికి దగ్గరగా ఉంటుంది. అందుకే సైలెన్సర్ మార్పించిన కొడుక్కి "కొంచెమే" అనిపించే హోరు వెనక సీట్లో ఉన్న తల్లికి జాతరలా ఉంటుంది. ఆమె మాట నమ్మండి. ఆ విషయంలో భౌతికశాస్త్రం ఆమె వైపే ఉంది.

ఊళ్లో తిరిగేటప్పుడు గేర్లు మారుతుంటాయి, ఇంజన్ ఒకే స్వరం మీద నిలవదు. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద అలా కాదు. షోలాపూర్ దాటాక ఒకే గేరు, ఒకే వేగం, ఒకే స్వరం. సంగీతంలో దీన్నే శ్రుతి అంటాం. శ్రుతిపెట్టె పక్కన మూడు గంటలు కూర్చోవచ్చు గానీ, ఎవరో ఒకరు పాడాలి.

దూదికి దొరకని అల

మరి కంపెనీ సైలెన్సర్ ఉన్నప్పుడు ఈ హోరు ఎందుకు లేదు? లోపల ఏముందో చూస్తే తెలుస్తుంది. కంపెనీ డబ్బా పెద్దది, బరువైనది, చూపుకు ఆనదు. దాని కడుపులో గదులు, అడ్డుగోడలు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ఒక గదిలోకి వెళ్లిన అల గోడకు తగిలి వెనక్కొచ్చి, ఎదురొచ్చే అలతో కలిసి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోతైన స్వరాలను అణచడానికి ఇంత కడుపు కావాలి.

మెరిసే కొత్త డబ్బా కథ వేరు. నడుమ నేరుగా పోయే చిల్లుల గొట్టం, చుట్టూ గాజునూలు దూది. పొగకు అడ్డు లేదు, అందుకే ఇంజన్ తేలిగ్గా ఊపిరి వదులుతుంది. దూది కీచు స్వరాలను బాగానే పీలుస్తుంది. కానీ 87 హెర్ట్జ్ అల పొడవు మామూలు గాలిలోనే దాదాపు నాలుగు మీటర్లు, వేడి పొగలో ఐదు దాటుతుంది. ఐదు మీటర్ల అలను రెండంగుళాల దూది ఆపడమంటే గోదావరిని జల్లెడతో ఆపడమే. అంటే కొత్త సైలెన్సర్ గరగర తగ్గించి, గుయ్యిమనేదాన్ని వదిలేస్తుంది. పైగా ఆ దూది కాలక్రమేణా కాలి, రాలి, గొట్టంలోంచి ఎగిరిపోతుంది. మొదటి నెల విన్న శబ్దం మూడో ఏడు ఉండదు, పెరుగుతుంది.

"వెనక ఒత్తిడి లేకపోతే ఇంజన్‌కు బలం ఉండదు" అని మెకానిక్కులు చెప్పే మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఇంజన్‌కు కావాల్సింది ఒత్తిడి కాదు, పొగ వేగం. గొట్టం అవసరానికి మించి వెడల్పయితే పొగ నెమ్మదించి, తక్కువ ఆర్‌పీఎం దగ్గర లాగుడు తగ్గుతుంది. అందుకే పెద్ద గొట్టం వేయించిన చాలా కార్లు వేగంగా వెళ్తున్నట్టు వినిపిస్తాయి, అంతవరకే.

మీటరు చెవిటితనం

మా వాడు ఫోన్‌లో ఓ యాప్ పెట్టి కారు లోపల కొలిచాడు. కొత్త సైలెన్సర్‌తో నాలుగైదు డెసిబెల్సే పెరిగిందని చూపించింది. "యాప్ మంచిగనే ఉందంటున్నది, నా తల్కాయకే ఏదో అయింది" అని డాక్టరు దగ్గరికి బయల్దేరబోయాడు.

తప్పు తలది కాదు, కొలతది. శబ్దాన్ని మామూలుగా కొలిచేది డెసిబెల్ 'ఎ' అనే కొలతలో. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి చెవి ఏ స్వరాన్ని ఎంత గట్టిగా వింటుందో గీతలు గీశారు. మెల్లని శబ్దాల్లో లోతైన స్వరాలు మనకు తక్కువ వినిపిస్తాయి కాబట్టి, ఆ దారిలో వచ్చిన 'ఎ' కొలత వాటిని తగ్గించి రాస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 19 డెసిబెల్స్, 80 దగ్గర 22కు పైనే. ఆషాఢంలో కూడా ఇంత తగ్గింపు ఇవ్వరు. మూసిన కారులో హోరు మెల్లని శబ్దం కాకపోయినా మీటరు అదే తగ్గింపు ఇస్తుంది. అంటే మీటరు వినకుండా వదిలేసే భాగంలోనే హోరు కాపురం పెట్టింది. హోరు చూడాలంటే ఆ తగ్గింపు దాదాపు లేని డెసిబెల్ 'సి' కొలత పెట్టి చూడాలి. ఫోన్ మైకు అంకెను నమ్మనక్కర్లేదు గానీ, ఏ స్వరం దగ్గర శిఖరం లేచిందో చూపే స్పెక్ట్రమ్ యాప్ మాత్రం బాగా పనికొస్తుంది.

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. ఒకేలాంటి రెండు కార్లు పక్కపక్కన ఉంటే మూడే డెసిబెల్స్ పెరుగుతుంది. పది కార్లయితే పది. తిప్పి చెప్పుకుంటే, సైలెన్సర్ మార్చి పది డెసిబెల్స్ పెంచిన కారు పది కార్ల శబ్దశక్తిని ఒక్కటే మోసుకొస్తుంది. బంధువులంతా ఒకేసారి దిగినట్టు.

రోగం ముందు, మందు తర్వాత

ముందు హోరు నిజంగా సైలెన్సర్‌దేనా అని తేల్చుకోవాలి. హోరు ఉన్న వేగంలో, ఖాళీ రోడ్డు మీద, ఒక్క క్షణం క్లచ్ తొక్కి చూడండి. మాయమైతే అది ఇంజన్‌ది, ఎగ్జాస్ట్‌ది. అలాగే ఉంటే టైర్లది, రోడ్డుది. పక్క సీట్లో ఉన్నవాళ్లు తల ముందుకీ వెనక్కీ జరిపి చూడాలి. శబ్దం పెరిగి తగ్గుతుంటే గది ఊగుతోందని అర్థం.

రెండోది, గొట్టం బాడీకి ఎక్కడైనా తగులుతోందేమో చూడటం. ఎగ్జాస్ట్‌ను కారు కింద వేలాడదీసే రబ్బర్లు గట్టిపడినా, వాటి స్థానంలో ఎవరైనా "దిట్టమైనవి" వేసినా, గొట్టం వణుకు నేరుగా రేకులోకి ఎక్కుతుంది. ఈ వైద్యం చవకైనది. అందుకేనేమో దీన్ని చివర చేస్తారు.

మూడోది అసలైన మందు. ప్రధాన గొట్టానికి పక్కన ఓ మూసిన గొట్టం అతికించడం. దాని పొడవు అలలో నాలుగో వంతు ఉండాలి. అల ఆ గొట్టంలోకి వెళ్లి, మూసిన చివరకు తగిలి, తిరిగి బయటికొచ్చేసరికి సగం అల దూరం వెనకబడి ఉంటుంది. అంటే సరిగ్గా తలకిందులై వస్తుంది. తలకిందులైన అల, నిటారు అల కలిస్తే శూన్యం. కలం మూత మీద ఊదితే ఒకే స్వరం పలికేది ఈ సూత్రం మీదే. కుండ మూతి మీద ఊదినప్పుడు పలికే స్వరంతో పనిచేసే డబ్బాలు మరో రకం. వాటి పేరు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ మీద వచ్చింది.

పొడవు దగ్గరే పొరపాటు జరుగుతుంది. చల్లని గాలికి లెక్క కడితే 87 హెర్ట్జ్‌కు దాదాపు మీటరు చాలు. కానీ పొగ వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. 300 డిగ్రీల దగ్గర సెకనుకు 480 మీటర్లు, అప్పుడు కావాల్సింది 1.38 మీటర్లు. మూసిన గొట్టంలో పొగ పారదు కాబట్టి అది అంత వేడెక్కదు. అందుకే సరైన పొడవు ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది. కొంచెం పొడుగ్గా పెట్టి, కారు వేడెక్కాక పరీక్షించి, కోసుకుంటూ రావాలి. కోసింది అతకదు, నేతలో తప్పిన పోగులా ముడేసి సర్దలేం. ఇది ఒక్క స్వరాన్నే చంపుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 2,600 దగ్గర పోయిన హోరు 3,300 దగ్గర ఎదురవ్వొచ్చు.

నాలుగోది, కారు లోపల పరిచే తారు రబ్బరు షీట్లు. రేకు వణుకును ఇవి కొంత తగ్గిస్తాయి. గాలిలో ఊగే అలను మాత్రం పట్టించుకోవు. మా వాడు ముందు ఇంట్లో ఉన్న నాలుగు చద్దర్లు మడిచి డిక్కీలో పరిచి చూశాడు. భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపూర్ చద్దర్. చలికి ఎదురులేదు, హోరుకు మాత్రం లొంగిపోయింది.

చట్టం వినే శబ్దం

ఇంతవరకు చెప్పింది చేయగలిగేది. చేయనిచ్చేది వేరు. కారు గరిష్ఠంగా ఎంత శబ్దం చేయొచ్చో కంపెనీ దశలోనే తేల్చే నియమం ఉంది. ప్రయాణికుల కారుకు 74 డెసిబెల్స్. నిర్ణీత వేగంలో వచ్చి, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కుతూ పోయే కారును 7.5 మీటర్ల పక్కనుంచి కొలుస్తారు. కొలిచేది మోతనే. లోపలి హోరుకు చట్టంలో చోటు లేదు, దాని శిక్ష కొన్నవాడే అనుభవించాలి.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వది ప్రతి వాహనానికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలంటుంది. శబ్ద ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ, పైన మూడు నెలలు లైసెన్సు రద్దు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని ప్రతి మార్పుకూ ఐదువేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ ఉండొచ్చంటుంది. అదే ఏడు జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని స్పష్టం చేసింది. హోరు తగ్గించడానికి వేసిన పక్క గొట్టం కూడా మార్పే. రోడ్డు మీద ఆపిన పోలీసుకు నాలుగో వంతు అల గురించి వివరించగలనని నమ్మకం ఉంటే మీ ఇష్టం.

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45, పారిశ్రామిక ప్రాంతాల్లో పగలు 75, రాత్రి 70 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు విభజించాయి. కింద కార్ఖానా, పైన కాపురం ఉన్న మా ఇళ్లు ఏ గడిలోకి వస్తాయో మెట్ల మీద నిలబడి తేల్చాలి.

గల్లీ ఎందుకు లేచింది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. సాంచల మోత నిలకడైనది, రోజూ ఉండేది. మెదడు దాన్ని గోడలా లెక్కేసుకుని పక్కన పెడుతుంది. కారు మోత ఉన్నట్టుండి లేస్తుంది, పైకీ కిందికీ ఊగుతుంది. మెదడు దాన్ని వార్తగా తీసుకుంటుంది. లోతైన స్వరాలను గోడలు సరిగ్గా ఆపలేవు. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ తగ్గే శబ్దం, రెండు వైపులా గోడలున్న ఇరుకు గల్లీలో అంత తగ్గదు. శబ్దాన్ని అంచనా వేసే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఒకే స్వరం కొట్టొచ్చినట్టు వినిపించే శబ్దానికి మూడు నుంచి ఆరు డెసిబెల్స్ అదనంగా కలపమంటుంది, చెవికి అది అంత చిరాకు కాబట్టి.

ఈ కారణాల కింద ఇంకో కారణం ఉంది. షోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు 1877లో లేచింది. కరువులకూ పనికోసమూ తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు తరతరాలుగా ఇటు వచ్చారు. మిల్లు భోంగా, అంటే సైరన్, మోగితే ఊరు లేచేది, మోగితే ఊరు తినేది. మిల్లుల తర్వాత సాంచలు వచ్చాయి. ఈ ఊళ్లో మోత అంటే కూలి. కింద సాంచ ఆగి పైన పసిపిల్ల లేస్తే, దాని తల్లి కూడా లేస్తుంది, మరో భయంతో.

ఆ కూలికి చెల్లించిన ధర కూడా ఉంది. నాడె సాంచల షెడ్డులో శబ్దం 100 డెసిబెల్స్ దాకా పోతుంది. మన ఫ్యాక్టరీ నియమాల ప్రకారం 90 దగ్గర ఎనిమిది గంటలు, 100 దగ్గర రెండు గంటలే ఉండొచ్చు. సాంచల దగ్గర షిఫ్టు పన్నెండు గంటలు. శబ్దం వల్ల వచ్చే చెవుడును 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకటించాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ చెవుడు ముందు 4,000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ముందు పోయేవి స, శ, త లాంటి హల్లులు. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి తోక వినిపిస్తుంది, తల వినిపించదు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల నేతగత్తెలు పెదవులు పెద్దగా కదుపుతూ మాట్లాడుకోవడానికి ఏకంగా ఓ పద్ధతే కనిపెట్టుకున్నారు. మా పెద్దనాన్నకు ఆ పద్ధతి పేరు తెలియదు గానీ, నలభై ఏళ్లు అలాగే మాట్లాడాడు.

మేనల్లుడు ఆయన్ని కారులో కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు. స్పోర్ట్స్ సైలెన్సర్ల అభిమానులు మెచ్చుకునే ఆ గరుకు అంచంతా పై స్వరాల్లో ఉంటుంది. పెద్దనాన్న చెవికి అది చేరలేదు. చేరింది హోరు ఒక్కటే. దిగాక అడిగాడు, "బండికి ఏమన్న జబ్బా బిడ్డా?"

నా తీర్పు ఇది. బయటి మోత పెంచితే పక్కవాడి నిద్ర, లోపలి హోరు పెరిగితే మీ నిద్ర పోతుంది. మొదటిది చట్టానికి వినబడుతుంది, రెండోది మీటరుకే సరిగ్గా వినబడదు. రెండింటికీ కలిపి పనిచేసే మందు ఒకటే దొరికింది, అదీ కారుతోపాటే ఉచితంగా వచ్చింది. కంపెనీ సైలెన్సర్. మా వాడు దాన్ని భంగార్ వాడికి తూకానికి అమ్మేశాడు. అదే మోడల్‌ది మళ్లీ కొనడానికి పెట్టిన డబ్బు, కొత్తది వేయించడానికి పెట్టిన దానికంటే ఎక్కువయింది. ఎవరి మాటా వినకుండా సైలెన్సర్ మార్పించుకునే తీరతామంటే సరే, ఆ పాత డబ్బాను మాత్రం ఇంట్లో ఓ మూల దాచుకోండి.